తాటాకు నుంచి ఈబుక్ దాకా: పుస్తకం ఎవరి సొత్తు?

పుస్తకం హస్తభూషణం అని మన పెద్దలు అన్నారు. చేతికి అందం తెచ్చేది, ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి పోయేది పుస్తకం. ఇప్పుడు ఆ పుస్తకం సెల్‌ఫోన్‌లోకి వచ్చింది. డబ్బు కట్టి దించుకున్న ఈబుక్‌ను పక్క బెంచీలోని స్నేహితునికి రెండు రోజులు ఇద్దామంటే చాలాసార్లు కుదరదు. దానికి తాళం వేసి ఉంటుంది. ఇంకోవైపు ఎవరో తాళం తీసేసిన పిడిఎఫ్ వాట్సాప్‌లో వస్తే, వేలు కదిపితే చాలు, నూరు మందికి పోతుంది. న్యాయమైన పనికి దారి లేదు, అన్యాయమైన పనికి రాజమార్గం ఉంది. ఇట్లా ఎందుకయింది? పుస్తకం అసలు ఎవరిది? రాసినవారిదా, అచ్చు వేసినవారిదా, కొన్నవారిదా?

ఈ ప్రశ్న అందరికన్నా మనలాంటి వాళ్ళకు ఎక్కువ ముఖ్యం. మనది అత్తిబెలె. గడి దాటితే తమిళనాడు, హోసూరు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, హోసూరులో బస్సు దిగితే తమిళం. మన పాఠ్యపుస్తకాలను కర్ణాటక పాఠ్యపుస్తకాల సంఘం తెలుగులో వేస్తుంది. వాటి పిడిఎఫ్‌లు వెబ్‌సైటులో ఉచితంగానే దొరుకుతాయి. కానీ పాఠం దాటి ఒక కథల పుస్తకమో నవలో కావాలంటే మన అంగళ్ళలో దొరకడం అరుదు. చిత్తూరు నుంచో తిరుపతి నుంచో చుట్టాలు తెచ్చిందే పుస్తకం. ఆ ఒక్కటే నాలుగిళ్ళు తిరుగుతుంది. అంటే ఇక్కడ తెలుగు చదువు బతికేదే పుస్తకాన్ని పంచుకోవడం వల్ల. అందుకే పంచుకోవడం గురించి చరిత్ర ఏం చెబుతుందో చూద్దాం.

తాటాకుల కాలం

అచ్చు రాకముందు పుస్తకమంటే తాటాకుల కట్ట. ఘంటంతో ఆకు మీద గీసి, మసి పూసి తుడిస్తే అక్షరాలు నల్లగా కనిపిస్తాయి. ఒక పెద్ద కావ్యానికి ఇంకో ప్రతి తయారు కావాలంటే నెలల కొద్దీ పని. లేఖకులు చివర తమ పేరు రాసుకుని, తప్పులుంటే మన్నించమని, పుస్తకాన్ని నీళ్ళ నుంచీ నూనె నుంచీ కాపాడమని వేడుకునేవారు. ఆ కాలంలో ఆకుల కట్టకు యజమాని ఉన్నాడు గానీ, అందులోని పద్యాలకు యజమాని లేడు. ఎవరైనా రాసుకోవచ్చు. ఇంకొకరి పద్యాన్ని తన పేరుతో చెప్పుకోవడమే తప్పు.

మరి కవికి బతుకుతెరువు? దానికి ఒక ఏర్పాటు ఉండేది. కావ్యాన్ని అంకితం పుచ్చుకున్న రాజునో ధనికుణ్ణో కృతిభర్త అనేవారు. నన్నయ భారతానికి రాజరాజనరేంద్రుడు అలాంటివాడు. కవికి కావలసింది ముందే ముట్టేది. తర్వాత ఎంతమంది నకలు రాసుకున్నా కవికి నష్టం లేదు, పేరు పెరిగేది. ఒక్కరు డబ్బు పెడితే అందరూ చదివేవారు.

ప్రతులు తక్కువగా ఉంటే ఏమవుతుందో పోతన భాగవతం చెబుతుంది. పోతన తన భాగవతాన్ని రాజుకు ఇవ్వలేదని, ఆ కోపంతో రాజు దాన్ని భూమిలో పాతిపెట్టించాడని, బయటికి తీసేసరికి కొంత భాగం పాడైపోయిందని జనంలో ఒక కథ ఉంది. కథ నిజమో కాదో గానీ ఒక సంగతి మాత్రం పుస్తకంలోనే కనిపిస్తుంది. ఐదో స్కంధం గంగన, ఆరో స్కంధం సింగన, పదకొండు పన్నెండు స్కంధాలు నారయ రాసినవి. ఆ కథ చెప్పేవాళ్ళు పోతన గారి మాట అక్కడ పోయిందనే అంటారు. అప్పటికే పది ఊళ్ళలో పది ప్రతులు ఉండి ఉంటే అలాంటి కథ పుట్టే అవసరమే ఉండేది కాదు.

బ్రౌన్ దొర, అచ్చు యంత్రం

1820లో సి.పి. బ్రౌన్ ఉద్యోగం మీద కడపకు వచ్చాడు. తెలుగు మీద ఇష్టం పెంచుకుని ఊరూరి నుంచి తాళపత్రాలు సేకరించాడు. ఒకే పుస్తకానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని, పోల్చి చూపించి, శుద్ధ ప్రతులు రాయించాడు. 1829లో వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాడు. 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది. ఆయన కూడబెట్టిన రాతప్రతులు ఇప్పటికీ చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. ఇళ్ళలో అటకల మీద ఉన్న కట్టలను వాటి యజమానులు బయటికి ఇచ్చారు కాబట్టే ఇదంతా జరిగింది. "ఇది మా తాతది, ఎవరికీ చూపించం" అని అందరూ అనుకుని ఉంటే చెదలకే దక్కేవి.

అచ్చు వచ్చాక లెక్క మారింది. మొదటి ప్రతికి ఖర్చు ఎక్కువ, వెయ్యో ప్రతికి తక్కువ. ఒకరు కష్టపడి రాసి, ఇంకొకరు డబ్బు పెట్టి అచ్చు వేస్తే, పక్క వీధి ప్రెస్సు వాడు అదే పుస్తకాన్ని చవకగా వేసి అమ్ముకోవచ్చు. అప్పుడు కాపీరైటు అవసరమయింది. మన దేశంలో ఈస్టిండియా కంపెనీ కాలంలోనే, 1847లో, మొదటి కాపీరైటు చట్టం వచ్చింది. తర్వాత 1914లో ఇంకొకటి. స్వాతంత్ర్యం వచ్చాక 1957లో చేసిన చట్టమే సవరణలతో ఇప్పటికీ నడుస్తోంది. పాత తెలుగు పుస్తకాల మొదటి పేజీల్లో "సర్వస్వామ్య సంకలితము" అని కనిపిస్తుంది. అన్ని హక్కులూ మావే అని దాని అర్థం.

ఈ హక్కు ఎప్పటికీ ఉండేది కాదు. రచయిత జీవించినంత కాలం, ఆ తర్వాత కొన్నేళ్ళు. మొదట 50 ఏళ్ళు ఉండేది. 1941లో చనిపోయిన రవీంద్రనాథ్ ఠాగూర్ రచనల హక్కులు 1991తో ముగిసిపోవలసి వచ్చినప్పుడు దాన్ని 60 ఏళ్ళకు పెంచారు. లెక్క ఇట్లా ఉంటుంది: రచయిత చనిపోయిన మరుసటి జనవరి 1 నుంచి 60 ఏళ్ళు. గురజాడ 1915లో, అడవి బాపిరాజు 1952లో, త్రిపురనేని గోపీచంద్ 1962లో చనిపోయారు. వాళ్ళు బతికుండగా వెలువడిన రచనలు ఇప్పుడు ప్రజలందరి సొత్తు. శ్రీశ్రీ 1983లో చనిపోయారు కాబట్టి ఆయన రచనలు 2044 దాకా ఆగాలి.

గ్రంథాలయాలూ, అద్దె అంగళ్ళూ

కాపీరైటు చట్టంలోనే ఒక మంచి గుణం ఉంది. కొత్తగా కాపీలు తీయడాన్ని అది ఆపింది గానీ, కొన్న కాపీని ఇంకొకరికి ఇవ్వడాన్ని ఆపలేదు. ఒకసారి అమ్ముడుపోయిన ప్రతిని కొన్నవారు చదువుకోవచ్చు, ఎరువియ్యవచ్చు, పాత పుస్తకాల అంగట్లో అమ్మవచ్చు, మనవడికి వదిలిపోవచ్చు. ఈ చిన్న సందు లోంచే మన గ్రంథాలయ ఉద్యమం నడిచింది.

1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలయింది. నిజాం రాజ్యంలో అప్పుడు బడుల్లోనూ కచేరీల్లోనూ ఉర్దూదే పెద్దపీట. ఇంటి భాష ఒకటి, బయటి భాష ఒకటి అయినచోట పుస్తకాల గది భాషకు ఎంత అండగా ఉంటుందో మనకు వేరే చెప్పనక్కర లేదు. కొమర్రాజు లక్ష్మణరావు గారు 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పెట్టి చరిత్ర, సైన్సు పుస్తకాలు తెలుగులో తెచ్చారు. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం వచ్చింది. 1914లో అక్కడే అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువల్లో పడవ మీద పుస్తకాలు పెట్టి ఊళ్ళకు పంపించారు. పడవ ఆగితే రైతులూ పిల్లలూ రేవుకు వచ్చి పుస్తకాలు తీసుకునేవారు. ఆ రోజుల్లో ఎరువిచ్చిన పుస్తకాల వల్ల తెలుగు రచయితలు చెడిపోలేదు. పాఠకులు పెరిగి రచయితలే బాగుపడ్డారు.

1970, 80ల్లో ఊళ్ళలో అద్దె పుస్తకాల అంగళ్ళు ఉండేవి. రోజుకు కొద్ది పైసలిచ్చి నవల తెచ్చుకునేవారు. వారపత్రికల్లో వచ్చే సీరియల్ పేజీలను చించి, కుట్టి, బైండు చేయించి ఇల్లిల్లూ తిప్పేవారు. మన అమ్మమ్మలను అడిగితే యద్దనపూడి సులోచనారాణి నవలలు అట్లాగే చదివామని చెబుతారు.

ఆ తర్వాత జెరాక్స్ యంత్రం వచ్చి మళ్ళీ తగవు తెచ్చింది. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు ఢిల్లీ విశ్వవిద్యాలయం ఆవరణలోని ఒక చిన్న జెరాక్స్ అంగడి మీద కేసు వేశాయి. పాఠాలకు కావలసిన పేజీలను పెద్ద పుస్తకాల్లోంచి తీసి విద్యార్థులకు కట్టలుగా అమ్ముతున్నారని వాళ్ళ ఫిర్యాదు. 2016లో ఢిల్లీ హైకోర్టు విద్యార్థుల వైపు తీర్పు ఇచ్చింది. చదువు చెప్పడానికి అవసరమైనంత కాపీ తీసుకోవడం చట్టమే ఒప్పుకుంటుందని చెప్పింది. చట్టం రచయితను ఒక్కణ్ణే కాదు, చదువుకునే పిల్లవాణ్ణి కూడా చూస్తుందని ఈ కేసు వల్ల తెలిసింది.

తాళం వేసిన పుస్తకం

2007లో అమెరికాలో అమెజాన్ కంపెనీ కిండిల్ అనే చదివే పలకను తెచ్చింది. తెలుగులో 2010లో కినిగె వెబ్‌సైటు వచ్చింది. కినిగెలో ఒక మంచి పద్ధతి ఉండేది. ఈబుక్ కొనడానికి ఒక ధర, 30 రోజుల అద్దెకు ఇంకొక ధర అని విడివిడిగా చూపేవారు. దూరదేశాల్లో ఉన్న తెలుగువాళ్ళకు కూడా తెలుగు పుస్తకం నిమిషంలో అందేది. 2016 డిసెంబరులో కిండిల్ ఐదు భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెడితే అందులో తెలుగు లేదు. అప్పటికే మనవాళ్ళు మన అంగడి పెట్టుకుని ఉండటం గొప్ప విషయమే.

ఈబుక్‌కు తాళం ఎందుకు? కాగితం పుస్తకం ఎరువిస్తే మన చేతిలో ఉండదు. ఒక ప్రతి ఒక సమయంలో ఒకరి దగ్గరే. కంప్యూటరు ఫైలు అట్లా కాదు. ఇచ్చినా మన దగ్గర ఉంటుంది, తీసుకున్నవారి దగ్గరా ఉంటుంది. అంటే అది ఎరువు కాదు, కొత్త అచ్చు. ఖర్చు లేని అచ్చు. దీనికి భయపడి అమ్మేవారు ఫైలుకు తాళం వేశారు. ఫలానా ఖాతాలో, ఫలానా యంత్రంలో మాత్రమే తెరుచుకుంటుంది. రచయిత వైపు నుంచి చూస్తే ఈ భయంలో న్యాయం ఉంది.

కానీ తాళంతో పాటు ఇంకొక మార్పు చప్పుడు లేకుండా జరిగిపోయింది. మనం "కొను" అనే బొత్తాం నొక్కుతాం గానీ నిజానికి కొనడం లేదు. చదువుకోవడానికి అనుమతి మాత్రం తీసుకుంటున్నాం. తాళంచెవి అంగడివాడి దగ్గరే ఉంటుంది. 2009 జూలైలో ఇది బయటపడింది. జార్జ్ ఆర్వెల్ రాసిన "1984", "యానిమల్ ఫామ్" పుస్తకాలను హక్కులు లేనివారు కిండిల్ అంగట్లో అమ్మారని తెలిసి, అమెజాన్ అప్పటికే కొన్నవారి పలకల్లోంచి వాటిని తీసేసింది. డబ్బు తిరిగి ఇచ్చింది, నిజమే. ఒక హైస్కూలు విద్యార్థి ఆ పుస్తకం మీద రాసుకున్న నోట్సు మాత్రం పనికిరాకుండా పోయింది. "1984" నవలలో ప్రభుత్వం తనకు నచ్చని కాగితాలను మాయం చేస్తూ ఉంటుంది. ఆ పుస్తకమే మాయమయిందని లోకమంతా ఆశ్చర్యపోయింది. కంపెనీ అధిపతి జెఫ్ బెజోస్ క్షమాపణ చెప్పారు. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈబుక్ అంగడిని మూసేసింది. డబ్బు వాపసు ఇచ్చింది గానీ కొన్నవారి పుస్తకాలన్నీ తెరుచుకోకుండా పోయాయి.

ఒక్కసారి ఆలోచించండి. పుస్తకాల అంగడి మూతపడితే మన ఇంటి బీరువాలోని పుస్తకాలు కూడా మాయమవుతాయా? కాగితం పుస్తకానికి అట్లా ఎప్పుడూ జరగలేదు. 2025 నుంచి అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఒక చట్టం అమలవుతోంది. ఇస్తున్నది అనుమతి మాత్రమే అని స్పష్టంగా చెప్పకుండా డిజిటల్ వస్తువుల మీద "కొను" అని రాయకూడదని దాని సారాంశం. ఇది న్యాయంగా ఉంది. అద్దె అయితే అద్దె అని చెప్పాలి.

మన దేశంలో 2012 సవరణతో తాళం పగలగొట్టడం గురించి చట్టంలోకి వచ్చింది. హక్కులను దెబ్బతీసే ఉద్దేశంతో తాళం తీస్తే రెండేళ్ళ దాకా జైలు, జరిమానా. చట్టం ఒప్పుకున్న పని కోసమయితే అది అడ్డు రాదు. అదే సవరణలో చూపు లేనివారి కోసం పుస్తకాన్ని వినే రూపంలోకో బ్రెయిలీలోకో మార్చుకోవడానికి వీలు కల్పించారు. అలాంటివారి కోసమే 2013లో మరాకేష్ ఒప్పందం కుదిరితే, 2014లో ప్రపంచంలో అందరికన్నా ముందు ఆమోదించింది మన భారతదేశమే.

మన బెంగళూరు నుంచి తెరిచిన తలుపు

తాళం కథ ఇట్లా నడుస్తుంటే, తలుపు తెరిచే పని మన బెంగళూరులోనే ఒకటి జరిగింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాస్త్రవేత్త. 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. పది లక్షల పుస్తకాలను స్కాన్ చేసి ప్రపంచంలో ఎవరైనా చదువుకునేలా పెట్టాలన్నది ఆయన కల. ఆ పథకంలో చైనా, ఈజిప్టులతో పాటు మన దేశమూ చేరింది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ఏర్పడింది. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ లాంటి కేంద్రాల్లో గ్రంథాలయాల పుస్తకాలను పేజీ పేజీ స్కాన్ చేశారు. వేల తెలుగు పుస్తకాలు అందులోకి వచ్చాయి. వాటిలో చాలావాటి మొదటి పేజీలో ఏదో ఒక గ్రంథాలయం ముద్ర ఇప్పటికీ కనిపిస్తుంది. అంటే ఆనాడు చందాలెత్తి కొన్న పుస్తకమే ఈనాడు మన ఫోనులో తెరుచుకుంటోంది.

అయితే అందులో హక్కుల కాలం ముగియని పుస్తకాలు కూడా కలిశాయనే సమస్య వచ్చింది. చివరికి ఆ వెబ్‌సైటు మూతపడింది. కానీ పుస్తకాలు పోలేదు. అప్పటికే కొందరు పుస్తకప్రియులు వాటి నకళ్ళను ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత గ్రంథాలయంలోకి ఎక్కించారు. తెలుగు వికీసోర్స్‌లో కార్యకర్తలు ఎంతోమంది పాత పుస్తకాలను అక్షరం అక్షరం టైపు చేసి పెడుతున్నారు. పోతన భాగవతం కథకూ దీనికీ తేడా చూడండి. అక్కడ ఉన్న ఒక్క ప్రతి పాడైతే మాట పోయిందన్నారు. ఇక్కడ ఒక తలుపు మూసుకున్నా ఇంకో ప్రతి ఇంకోచోట ఉంది.

ఇంటర్నెట్ ఆర్కైవ్‌కూ ఒక ఎదురుదెబ్బ తగిలింది. తన దగ్గర ఎన్ని కాగితం ప్రతులు ఉంటే ఒక సమయంలో అంతమందికే స్కాన్ ప్రతి ఎరువిచ్చేది. 2020లో కరోనా వచ్చినప్పుడు కొంతకాలం ఆ పరిమితి కూడా తీసేసింది. నాలుగు పెద్ద ప్రచురణ సంస్థలు కేసు వేశాయి. 2023లోనూ, 2024లో అప్పీలులోనూ ఆర్కైవ్ ఓడిపోయింది. మంచి ఉద్దేశమయినా హక్కున్న పుస్తకాన్ని అడగకుండా పంచితే నిలవదని దీనివల్ల తెలుస్తుంది.

మరి మనం ఏం చేయాలి?

రచయిత పక్కన నిలబడి కూడా చూడాలి. తెలుగులో చాలామంది రచయితలు చేతి డబ్బు పెట్టి పుస్తకం వేసుకుంటారు. నిరుడు వచ్చిన పుస్తకం పిడిఎఫ్ ఈ ఏడు అన్ని గుంపుల్లోనూ తిరిగితే వాళ్ళు రెండో పుస్తకం ఎట్లా వేస్తారు? కృతిభర్తలు ఇప్పుడు లేరు. కొనే పాఠకుడే ఇప్పటి కృతిభర్త.

కాబట్టి పిడిఎఫ్ పంపే ముందు ఒక్క ప్రశ్న చాలు: ఈ రచయిత ఎప్పుడు చనిపోయారు? 60 ఏళ్ళు దాటితే ఆ రచన మనందరిదీ. ధైర్యంగా పంచుకోవచ్చు, అచ్చు కూడా వేసుకోవచ్చు. దాటకపోతే కొనాలి, లేదా గ్రంథాలయం నుంచి తెచ్చుకోవాలి, లేదా రచయితనే అడగాలి. చట్టం ప్రకారం రచయిత తన హక్కును తానే వదులుకోవచ్చు. చాలా పుస్తకాలు మళ్ళీ అచ్చు కాకుండా, అటు అంగట్లో దొరక్క, ఇటు పంచడానికి వీల్లేక మధ్యలో చిక్కుకున్నాయి. మన పక్క రాష్ట్రం ఇందుకు ఒక దారి చూపించింది. 1949లో మద్రాసు ప్రభుత్వం సుబ్రహ్మణ్య భారతి రచనల హక్కులను తీసుకుని, తర్వాత ప్రజలకు వదిలేసింది. ఆ తర్వాత ఎందరో తమిళ రచయితల కుటుంబాలకు డబ్బు ఇచ్చి వారి రచనలను అందరివీ చేశారు. కుటుంబానికి గౌరవం, పాఠకునికి పుస్తకం. తెలుగు ప్రభుత్వాలు కూడా ఈ పని పెద్ద ఎత్తున చేస్తే గడి ఇవతల ఉన్న మనలాంటి పిల్లలకే అందరికన్నా ఎక్కువ మేలు జరుగుతుంది.

అంతదాకా మన చేతిలో ఉన్న పని మనం చేయవచ్చు. మన బడి గ్రంథాలయంలో ఒక వరుస ఉచిత తెలుగు పుస్తకాల పట్టికకు, ఒక వరుస ఇప్పటి రచయితల దగ్గర కొన్న పుస్తకాలకు కేటాయించాలని అయివార్లను కోరుతున్నాను. ఇంట్లో బీరువాలో ఊరికే ఉన్న తెలుగు పుస్తకాలను తల్లిదండ్రులు బడికి ఇస్తే అవి ఇంకో పది మంది చేతులకు హస్తభూషణాలు అవుతాయి. కాగితం పుస్తకాన్ని ఎరువియ్యడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, ఏ తాళమూ అడ్డు రాదు. తీసుకున్నవారు జాగ్రత్తగా చదివి తిరిగి ఇస్తే చాలు.